బెంగకి పెరిగే గడ్డి

ఆ ఆసుపత్రి ఆవరణలో గడ్డి నీళ్ళకి పెరగదు, బెంగకి పెరుగుతుంది. మనవాళ్ళు లోపలుంటే, బయట మనం కూర్చున్నచోటల్లా మొలుచుకొస్తుంది. అందుకే తోటమాలికి రోజూ కోత తప్పదు. గడ్డిలో చెప్పులు కనపడక విసుక్కున్నవాళ్ళున్నారు గానీ, ఇదేం వింత అని అడిగినవాళ్ళు లేరు.

ఆవేళ తోటమాలి భార్యనే ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. ఆ పొద్దునే గడ్డికోత మిషను మొండికేసింది. తాడు ఎంత లాగినా ఇంజను ఉలకదు, పలకదు. అతను ప్లగ్గు విప్పి, మసి గీకి, ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగి చూశాడు. నిప్పురవ్వ లేదు. మూత తీసి, నిప్పు పుట్టించే కాయిల్‌కీ చక్రానికీ మధ్య విజిటింగ్ కార్డు దూర్చి ఎడం సరిచేశాడు. అయినా లేదు.

బెంచీ మీద అత్తగారు పళ్ళు నూరుతోంది. పెళ్ళాం చావుబతుకుల్లో ఉంటే ఇనుముతో సరసమేమిటని ఆవిడ మంట. ఈ మనిషి నోట్లోంచి ఇన్నేళ్ళలో ఓ మంచి మాట ఊడిపడలేదు. ఆపరేషనవగానే తనతో వచ్చెయ్యమని కూతురికి చెప్పేసింది. విసిగిపోయిన కూతురు సరేనంది. అతను అదీ విని మిషను తుడుచుకోడానికి పోయాడు.

లోపలి తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. అత్తగారి చుట్టూ గడ్డి మోకాళ్ళదాకా వచ్చింది. కన్నతల్లి బెంగ కదా మరి అనుకుంటూ అల్లుడికేసి చూసింది. అల్లుడు లేడు. అతను కూర్చున్నచోట నిలువెత్తు గడ్డి ఉంది.

ఆవిడ లేచింది. రెండు చేతులతో గడ్డి తప్పించుకుంటూ వెళ్ళింది. అతను విప్పిన బోల్టునే బిగించి మళ్ళీ విప్పుతున్నాడు. ఆవిడ బట్టలు కుట్టే మనిషి, ఎక్కడేం నలిగినా కంటికి ఇట్టే ఆనుతుంది.

"బాబూ, మూత కింద ఆ తీగ నలుగుతోంది చూడు."

అది ఇనుముకి తగిలితే ఇంజనుని ఆపే తీగ. పొద్దున మిషను తుడిచి మూత బిగించినప్పుడే కంగారులో నొక్కేశాడు. బిగించిన ప్రతిసారీ మళ్ళీ అక్కడే నొక్కుతున్నాడు. నిప్పంతా ఇనుములోకే పోతోంది.

తీగకి టేపు చుట్టి తాడు లాగితే ఇంజను బర్రుమని అందుకుంది. అప్పుడే నర్సు గుమ్మంలోకొచ్చి, గండం గడిచిందనీ, కాసేపట్లో తెలివొస్తుందనీ చెప్పింది. అతను తలూపి, అలవాటు కొద్దీ మిషను ముందుకు తోయబోయాడు.

అత్తగారు అతని చెయ్యి పట్టుకుంది.

"కొయ్యకు బాబూ. అమ్మాయి లేచి కిటికీలోంచి ఈ గడ్డి చూడాలి. అప్పటికీ నాతో వస్తానంటే, నేనే తీసుకెళ్ళను."