తొట్టి దగ్గరి గొంతులు

అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టి ఆ బిరుదులు మాకు దక్కలేదు. నా కోడలు సినిమాలు తీసేది. తారల సినిమాలు కావు. గనుల్లో, బట్టీల్లో, రేవుల్లో పనిచేసేవాళ్ల బతుకులు తీసేది. ఆ రోజుల్లో ఆడది కెమెరా భుజాన వేసుకుని తిరగడమే వింత. "మన పొయ్యి మీద ఏముందో చూడవు గానీ, ఎవరి గిన్నెలో ఏముందో చూడ్డానికి పోతావేం?" అని రుసరుసలాడేదాన్ని. నాకు ముక్కు మీదే కోపం.

ఒకసారి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే మా లాండ్రీకే వచ్చింది. అక్కడ పనివాళ్లకు నేను పెద్దను. ఆ ఆవిరిలో, సోడా నీళ్లలో మా మధ్యే తిరుగుతూ బొమ్మ తీసింది. అప్పట్లో బొమ్మ వేరుగా, మాట వేరుగా పట్టేవారు. డబ్బిచ్చిన సంస్థవాళ్లు మాటల కోసం ఒక కంచుకంఠం పెద్దమనిషిని కుదిర్చారు. ఆయన రాసింది కోడలు నాకు చదివి వినిపించింది: "అజ్ఞానాంధకారంలో మగ్గుతున్న ఈ అభాగినులు..."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "అభాగిని ఎవరట? ఈ చేతులతో ఇల్లు నిలబెట్టాను, నీ మొగుణ్ణి చదివించాను!"

"అందుకే అత్తయ్యా, మీ మాటలే పెడతానని పోట్లాడాను. రేపు సాయంత్రం దాకా గడువిచ్చారు. అప్పటికి మీ మాటలు పట్టలేకపోతే ఆయన గొంతే ఉంటుంది."

లాండ్రీలో యంత్రాల రొద. అందుకని మర్నాడు మమ్మల్ని రికార్డింగు గదికి తీసుకెళ్లింది. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని మైకు ముందు కూర్చున్నాం. కోడలు అద్దం వెనక టేపు దగ్గర ఉంది. కంచుకంఠం ఆయన కాయితాలతో వచ్చి ఓ మూల ఆసీనుడయ్యాడు.

మాలో ఒకామెను రేడియో అంటాం. నిద్రలో తప్ప నోరు మూయదు. అలాంటిది, గొంతు సవరించుకుని, "మేము... వస్త్రములను... శుభ్రపరచుచున్నాము" అంది, పాఠం అప్పజెప్పినట్టు. ఆపైన ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను నోరు తెరిస్తే ఉత్త గాలి వచ్చింది. మధ్యాహ్నం దాటింది. కోడలి మొహం పాలిపోయింది.

"పాపం, వీళ్లకు మాటలెక్కడివమ్మా?" అన్నాడాయన, మేమక్కడ లేనట్టే.

ఆ మాటకు లేవబోతూ నా చేతులు చూసుకున్నాను. ఊరికే పడున్నాయి. రెక్కాడితే గానీ డొక్కాడదంటారు. మాకు రెక్కాడితే గానీ నోరు కూడా ఆడదని అప్పుడు తెలిసింది. "అమ్మాయ్! తొట్టి తెప్పించు, మాసిన దుప్పట్లు తెప్పించు!" అని కేకేశాను.

గది యజమాని లబోదిబోమన్నాడు. అయినా తొట్లు వచ్చాయి. నీళ్లలో చెయ్యి పడిందో లేదో, రేడియో అందుకుంది.

"చూడక్కా, దీని మీద ఎవరో బిడ్డను కన్నారు. ఇట్లాంటివి ఉతకాలంటే నాకెంత ఇష్టమో!"

"మరి పోయినవాళ్ల దుప్పటైతే?" అన్నాను.

"అదీ ఉతుకుతా. తర్వాత పడుకునేవాళ్లకు తెలియనివ్వను."

మూలనున్న పెద్దమనిషి కాయితాలు తిరగేయడం మానేశాడు. మాట మీద మాట వచ్చింది. టేపు తిరుగుతోందన్న ధ్యాసే లేదు మాకు.

"నీ కోడలిదే హాయక్కా. నిలబడి చూడ్డమేగా దాని పని!" అంది రేడియో.

"నోర్ముయ్," అన్నాను దుప్పటి పిండుతూ. "దాని భుజం చూశావా? కెమెరా మోసి మోసి కాయ కాసింది. అదీ మనలో ఒకతే. అలాంటి పిల్ల నా ఇంటికి రావడం నా అదృష్టం."

అన్నాక గానీ తెలియలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో దాన్ని నేను మెచ్చుకున్నది అదే మొదలు. అద్దం వెనక కోడలు చెవులకున్న యంత్రాన్ని రెండు చేతులతో అదుముకుని తల వంచేసింది.

సినిమా నిండు హాల్లో వేశారు. తెర మీద మా చేతులు, మా గొంతులు. అభాగినులెవరూ లేరు. బిడ్డను కన్న దుప్పటి గురించి రేడియో అన్నదానికి జనం నవ్వారు, పోయినవాళ్ల దుప్పటి మాటకు ఆ నవ్వు ఆగిపోయింది. కానీ నేను కాచుక్కూర్చున్న ముక్క మాత్రం రాలేదు.

ఇంటికి నడుస్తూ అడిగేశాను. "అమ్మాయ్, నీ గురించి నేనన్నది తీసేశావేం? బాగాలేదా?"

కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"అది నాది అత్తయ్యా. ఊరందరికీ ఎందుకిస్తాను?"