ఆదివారం ఫోటోలు

ఫోటోలన్నీ ఒక్క ఆదివారం తీసినవే. రెండేళ్ళ కాపురానికి రుజువులు పట్టుకురమ్మని ఇమిగ్రేషన్ ఆఫీసు ఉత్తరం రాస్తే, ఎర్లిందా ఇల్లంతా గాలించింది. పెళ్ళినాటివి తప్ప మొగుడితో దిగిన ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఎలా దొరుకుతుంది? నెస్టర్ లారీ వేసుకుని అమెరికా దేశమంతా తిరుగుతాడు. నెలకు నాలుగు రోజులు ఇంటికొస్తాడు, ఆ నాలుగు రోజులూ పడి నిద్రపోతాడు. స్టాక్టన్‌లోని ఆ ఇంట్లో ఒక్క మనిషికే అన్నం వండుకునేదీ, వచ్చిన ఉత్తరాలు విప్పేదీ, గోడలతో మాట్లాడేదీ ఆమే.

చివరికి ఫిబ్రవరిలో మహారాజు ఒకరోజు సెలవు పెట్టాడు. పక్కింటి పెద్దావిడ ఫోన్ పట్టుకుని ఫోటోలు తీసింది. పెట్టెలోంచి క్రిస్మస్ నక్షత్రం తీసి కిటికీకి కట్టారు. అది విప్పేసి, పుట్టినరోజుకు వాళ్ళ దేశంలో తినే నూడుల్స్ వండారు. బట్టలు మార్చుకుని పార్కుకు పోయారు. నెస్టర్ వేళాకోళాలకు ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ కాపురంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఆమెకు ఇంకొకటి లేదు. మర్నాడు తెల్లారకముందే అతను వెళ్ళిపోయాడు. ఫోటోల వెనక ఆమె నోటికొచ్చిన తేదీలు వేసింది.

ఇప్పుడు శాక్రమెంటో ఆఫీసులో ప్రూయిట్ అనే ఆఫీసరు వాటిని బల్లమీద వరసగా పరిచాడు.

"నెస్టర్ గారూ, క్రిస్మస్‌కి మీ బొటనవేలికి నీలం కట్టు ఉంది. మే నెలలో ఈవిడ పుట్టినరోజుకీ అదే కట్టు. ఆగస్టులో పార్కులోనూ అదే. ఇన్ని నెలలైనా మానలేదా?"

"లారీ పని కదా సార్, వేలు తెగుతూనే ఉంటుంది" అన్నాడు నెస్టర్ తడుముకోకుండా.

"ప్రతిసారీ అదే వేలా? సరే, మీరు కాసేపు బయట కూర్చోండి."

తలుపు మూసుకుంది. గ్రీన్ కార్డు రాకపోతే మనీలా విమానం ఎక్కాల్సిందే. అయినా ఇంకో అబద్ధం ఆడే ఓపిక ఎర్లిందాకు లేకపోయింది.

"అన్నీ ఒక్కరోజే తీశాం సార్. తేదీలు నేనే వేశాను. పెళ్ళి మాత్రం నిజం."

"కలిసే ఉంటున్నారా?"

"ఒకే ఇంట్లో ఉంటున్నాం. కలిసి ఉన్నది ఆ ఒక్క ఆదివారమే."

అనేసి భోరున ఏడ్చింది. ఆ మాట ఆమె కన్నతల్లితో కూడా ఎప్పుడూ అనలేదు.

ప్రూయిట్ కాగితం రుమాళ్ళ డబ్బా ముందుకు జరిపాడు.

"దొంగ తేదీలు వెయ్యడం చాలా పెద్ద తప్పమ్మా. మిగతా కాగితాలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి మూడు నెలలు గడువిస్తున్నాను. ఈసారి నిజం ఫోటోలు, నిజం తేదీలు కావాలి. వేరువేరు రోజులవి రెండు మూడు చాలు. ఉత్తరం ఇంటికి వస్తుంది."

బయట నెస్టర్ ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. సాయంత్రానికి లారీలో సరుకు ఎక్కించాలి.

"ఏమైంది లిండీ? మునిగామా?"

"లేదు. మళ్ళీ ఫోటోలు కావాలట. వేరువేరు రోజుల్లో తీసినవి."

"ఖర్మ! మళ్ళీ సెలవా? ఎన్ని రోజులవి కావాలట?"

ఎర్లిందా కళ్ళు తుడుచుకుని మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"పన్నెండు" అంది.