మాఫీ

పేరు పిలిస్తే "హాదిర్" అనాలి. సలోమి అనలేకపోయింది. పొద్దున్నించీ పీల్చిన మిరపకాయల ఘాటు గొంతుకు అడ్డం పడింది.

"సలోమీ!" అని మళ్లీ పిలిచాడు ఏజెంటు గురుస్వామి.

"హాదిర్," అంది దగ్గుతూనే.

"దగ్గు గిగ్గు మేడమ్ ముందర వద్దు. రోగమనుకుంటాది. ఈ పొద్దు మస్కట్ నుంచి ఫోన్ వస్తాది, తెలుసు గదా?"

తెలుసు. అందుకే ఆళ్లగడ్డ దగ్గర చేలో తెల్లారకముందే కోతకు దిగి, తొమ్మిదింటికే ఆపేసి నంద్యాల బస్సెక్కింది. సగం పూట కూలి రెండు వందలు. ఆడవాళ్లకు బస్సు టికెట్టు మాఫీ కాబట్టి ఆ రెండు వందలూ కొంగున భద్రంగా ఉన్నాయి.

బస్టాండు వెనక జిరాక్సు షాపు మీది గది అది. ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఆరుగురు ఆడవాళ్లు, గోడకు ఆనించిన ఒక పలక. తలుపు పక్కనే గురుస్వామి టేబుల్. ఆ టేబుల్ సొరుగులో ఆరు పాస్‌పోర్టులు. తాళంచెవి అతని చొక్కా జేబులో ఉంటుంది. పాఠం చెప్పేది ప్రమీలమ్మ. బనగానపల్లె మనిషి, మస్కట్‌లో తొమ్మిదేళ్లు ఇంటిపని చేసి వచ్చింది.

"భయమెందుకమ్మే? అరబ్బీలో సగం మన మాటలే," అనేది మొదటిరోజు నుంచీ. "కుర్సీ అంటే కుర్చీ. దుక్కాన్ అంటే దుకాణం. జవాబ్ అంటే జవాబు. హాదిర్ అంటే హాజరు. ఖలాస్ అంటే ఖలాసే."

"మరి మొగుణ్ణి ఏమంటారక్కా?" అని ఈరోజు అడిగింది ఉయ్యాలవాడ భారతమ్మ.

"ఆడ నీకు మొగుడుండడు లేమ్మే. ఆ మాటతో నీకేం పని?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సలోమి ఇంకో మాట అడిగింది. "వద్దు అనాలంటే ఏమనాలక్కా?"

ప్రమీలమ్మ టేబుల్ వైపు ఒకసారి చూసింది. "ఆ పాఠం ఇంకా రాలేదులే. ముందు ఇది రాసుకో. మాఫీ ముష్కిల్. ఏం పని చెప్పినా, ఎంత పని చెప్పినా, మాఫీ ముష్కిల్ అనాలి. అంటే పరవాలేదని."

సలోమి రాసుకుంది. మూడేళ్ల కిందట కూతురు ఏంజెల్ పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలవి. ఒక్కొక్కటి చింతగింజంత లావు. కాయలు తుంచిన వేళ్ల సందుల్లో మంట. పెన్ను గట్టిగా పడితే మంట ఇంకా ఎక్కువైంది. ముష్కిల్ అంటే కష్టమని ఊళ్లో సాయిబుల నోట విన్నదే. మాఫీ సంగతి సరేసరి, పొదుపు సంఘంలో ఎప్పుడూ వినపడే మాట. ఆమెకు తెలిసి ఆ మాట ఇంటికి వస్తే మంచే వచ్చింది.

ఆమె మస్కట్ పోవడానికి కారణం మొగుడు సుందరరాజు ఊపిరితిత్తులు. ఆళ్లగడ్డలో ఇరవై రెండేళ్లు రాతి విగ్రహాలు చెక్కాడు. మిషన్లు వచ్చాక దుమ్ము పదింతలైంది, కూలి మాత్రం ఎక్కువ కాలేదు. ఉలి కిందపెట్టి ఏడాదైంది. ఇప్పుడు మంచం మీద కూర్చునే నిద్రపోతాడు. మస్కట్ జీతం నెలకు ఇరవై ఐదు వేలు అన్నప్పుడు అతను వద్దనలేదు, పొమ్మనలేదు.

"రోజూ ఒకసారి ఫోన్ చేస్తావా?" అని మాత్రం అడిగాడు.

"చేస్తా. నువ్వు మాట్లాడలేకపోతే దగ్గు. నేను వింటా," అంది సలోమి.

ఆ ఒక్క మాట మీదే ఆమె పాస్‌పోర్టు తెచ్చి గురుస్వామి చేతిలో పెట్టింది.

పన్నెండింటికి ఫోన్ మోగింది. గురుస్వామి స్పీకర్ పెట్టి సలోమి చేతికిచ్చాడు. అవతల ఆమె పనికి పోబోయే ఇంటి మేడమ్ గొంతు, గట్టిగా, తొందరగా. అన్నీ అర్థం కాలేదు. మేడమ్‌కు ఇది అలవాటే కాబోలు, చివర్లో ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"ఇజాజా మాఫీ. మొబైల్ మాఫీ. తమామ్?"

తమామ్ అంటే సరేనా అని. ఇజాజా అంటే సెలవు. అది నోటుబుక్కులో ఉంది. సెలవు మాఫీ, ఫోన్ మాఫీ. సలోమి ముఖం విచ్చుకుంది.

"తమామ్ మేడమ్! మాఫీ ముష్కిల్!"

గురుస్వామి బొటనవేలు పైకెత్తి చూపించాడు. "మూడు గంటలకు మళ్లీ చేస్తాదంట. హాదిర్ అంటే సరి, టికెట్టు తీస్తారు," అని భోజనానికి కిందికి దిగిపోయాడు.

సలోమి సద్దిగిన్నె మూత తీస్తూ ప్రమీలమ్మ పక్కన చేరింది. "మంచామె దొరికిందక్కా. సెలవు పెట్టినా జీతం పట్టుకోదంట. ఫోన్ బిల్లు గూడా మాఫీ అంట."

ప్రమీలమ్మ ముందు నవ్వింది. తర్వాత నోట్లో ముద్ద మింగలేదు.

"ఏమ్మే, ఆ మాఫీ మన మాఫీ కాదు."

"మరి?"

"మాఫీ అంటే లేదని. సెలవు లేదు. ఫోన్ లేదు."

సలోమి నోటుబుక్కు తెరిచింది. వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుంటూ పోయింది. ఇజాజా, లేదు. మొబైల్, లేదు. కింద ఇంకో వరుస ఉంది. అక్కడ వేలు ఆగింది.

"అంటే ముష్కిల్ గూడా లేదనే గదక్కా. నాకేం కష్టం లేదని నేనే చెప్పినా."

"అందరం అట్లే చెప్పినాం." ప్రమీలమ్మ గిన్నె పక్కకు పెట్టింది. "మా అమ్మ పోయిన సంగతి నాకు ఏడు నెలలకు తెలిసింది. మాఫీ అంటే ఏందో మొదటిరోజే చెప్తే, ఈ కుర్చీల్లో ఒక్కరన్నా ఉంటారా? నాకు ఈయన నెలకు ఎనిమిది వేలిస్తాడు. ఇంగ నన్నేమీ అడగొద్దు."

గురుస్వామి పైకి రాగానే సలోమి లేచి నిలబడింది.

"అన్నా, ఫోన్ లేకుంటే నేను పోలేను. నా పాస్‌పోర్టు ఇచ్చేయప్పా."

"ఎవరు చెప్పినారు నీకు?" అతను ప్రమీలమ్మ వైపు చూశాడు. ఆమె పలక తుడుస్తోంది. "అందరూ మొదట్లో అట్లే అంటారు. పోయినాక నిదానంగా ఇస్తారులే."

"ఇయ్యకుంటే?"

"వీసా కొట్టినారమ్మా. నీ మెడికల్‌కు, నీ వీసాకు లక్షా ఇరవై వేలు అయింది. ఆ దుడ్లు ఈడ పెట్టి పాస్‌పోర్టు తీస్కపో. నేనేమన్నా కట్టేసినానా నిన్ను?"

సలోమి కొంగు ముడి తడుముకుంది. రెండు వందలు.

"ఏం చేస్తావమ్మే, మళ్లీ మిరపచేలకేనా?" అని భారతమ్మ మెల్లగా చెయ్యి పట్టి లాగింది. "కూర్చో. మనలాంటోళ్లకు యాడైనా ఒకటే."

సలోమి కూర్చుంది. ప్రమీలమ్మ కొత్త పాఠం మొదలుపెట్టింది. చీపురు, బకెట్టు, ఇస్త్రీ. అందరూ పలుకుతున్నారు. సలోమి పెదవులు కూడా కదులుతున్నాయి. చెవుల్లో మాత్రం మంచం మీద కూర్చున్న మనిషి దగ్గు.

మూడింటికి ఫోన్ మోగింది. ఈసారి వీడియో. గురుస్వామి ఆమె కొంగు సర్దుకోమని సైగ చేసి, ఫోన్ ఆమె ముఖం ముందు పట్టుకున్నాడు. నల్లటి ముసుగులో ఒక ముఖం, వెనక తెల్లటి గోడ.

"సలోమి?" అంది మేడమ్.

"హాదిర్ అను," అన్నాడు గురుస్వామి పళ్ల సందున.

హాదిర్ అంటే హాజరు. ఉన్నాను అని. సలోమి నోరు తెరిచింది. వద్దు అనే మాట ఆమెకు నేర్పలేదు. నేర్పిన మాటల్లోనే వెతుక్కుంది.

"సలోమి మాఫీ," అంది.

అవతల ముఖం కనుబొమలు ముడివేసింది. "ఏష్?" అంది, ఏమిటని.

"సలోమి మాఫీ, మేడమ్. సలోమి లేదు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. గురుస్వామి ఫోన్ తన వైపు తిప్పుకుని, "సారీ మేడమ్, జోక్, జోక్," అని గబగబా అంటున్నాడు. ఫోన్లో మేడమ్ "వేన్ సలోమి? వేన్ సలోమి?" అని అడుగుతూనే ఉంది. సలోమి ఎక్కడ అని.

అతను ఫోన్ కట్టేసి జేబులో వేసుకున్నాడు. జేబులో తాళంచెవికి తగిలి చప్పుడైంది.

"నాటకాలాడతాండావా? పో. యాడికి పోతావో పో."

సలోమి పోలేదు. తన ప్లాస్టిక్ కుర్చీని ఎత్తుకొచ్చి అతని టేబుల్ ముందు, సరిగ్గా సొరుగుకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఆళ్లగడ్డకు ఆఖరి బస్సు ఎన్నింటికని ఎవరినీ అడగలేదు. వెనక పాఠం ఆగిపోయింది. ప్రమీలమ్మ సుద్దముక్క పట్టుకుని పలక ముందు నిలబడే ఉంది.

కాసేపటికి పలక మీద సుద్ద గీరుకున్న చప్పుడు వినిపించింది. సలోమి తల తిప్పి చూసింది.

లా అంటే వద్దు.