నీ ఒక్కదానికే

దీవెన తల్లి కాలేజీ కౌంటర్ ముందు నిలబడి చెవుల కమ్మలు తీసింది. ఒకటి వచ్చింది, రెండోదాని మర బిగిసిపోయి రాలేదు. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ బూడిద లారీలకు ఎత్తే మనిషి, వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. చివరికి దీవెనే తీసిపెట్టింది. క్లర్కు కనకలక్ష్మి వాటిని అద్దం కిందినుంచి వెనక్కి తోసింది.

"ఇక్కడ బంగారం తీసుకోమమ్మా. వెనక వీధిలో తాకట్టు షాపులున్నాయి. క్యాష్ పట్టుకురండి, సర్టిఫికెట్లు పట్టుకెళ్లండి."

వరసలో వెనక ఉన్న రేణుక తల దించుకుంది. అందరూ దించుకున్నారు. గవర్నర్‌పేటలో బట్టల షాపుల మీద మూడో అంతస్తులో ఉన్న ఆ ప్రైవేటు కాలేజీకి వీళ్ల ఫీజు తాను కడతానన్నది సర్కారు. కట్టలేదు. సర్కారుని నిలదీసే దమ్ము యాజమాన్యానికి లేదు, అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు పిల్లల పీకల మీద కూర్చుంది. ఇది దోపిడీ అని అరవాల్సిన చోట పాతికమంది గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు.

రేణుక మర్నాడు సాయంత్రం ఐదింటిలోగా ఒరిజినల్స్ చూపించాలి. మైలవరం దగ్గర ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం. కాంట్రాక్టే, నెలకి పదిహేను వేలు. సోషియాలజీ చదివిన పిల్లకి దొరికిందే మహాభాగ్యం. అది పోతే కింద చీరల షాపులో పొద్దుగూకులూ నిలబడి, వాళ్ల నాన్న నేసిన చీరలే మడతలు పెట్టుకోవాలి.

కరస్పాండెంట్ రామకోటేశ్వరరావు ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నాడు.

"సోషియాలజీ చదివి ఏం ఉద్ధరిస్తావమ్మాయ్? కంప్యూటర్స్ తీసుకునుంటే ఈపాటికి బాకీ తీర్చేసేదానివి" అన్నాడు రేణుకతో. తర్వాత గొంతు తగ్గించాడు. "నువ్వు బుద్ధిమంతురాలివి. యాభై నాలుగు వేలుంది. నీ ఒక్కదానికే నలభైకి చేస్తున్నా. బయట ఎవరికీ చెప్పకు. చెప్పావా, మొత్తం కట్టాల్సిందే."

రేణుకకి ప్రాణం లేచొచ్చింది. మెట్లు దిగుతూనే పెడనలో మగ్గం మీదున్న తండ్రికి ఫోన్ చేసింది.

"షావుకార్ని అడుగుతాలేమ్మా" అన్నాడు భావనారాయణ.

నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు అడ్వాన్సంటే తెలిసిందే కదా. అది తీరేదాకా ఇంకొకరికి నేయడానికి లేదు. ఇచ్చిన మజూరీ పుచ్చుకోవాలి, నోరెత్తకూడదు. తన జీతంలో ఖర్చులు పోగా ఎంత మిగులుతుంది, నాన్న మగ్గం ఎప్పటికి విడుదలవుతుంది అని లెక్కేసుకుంటూ కూర్చుంటే ఆ పూట అన్నం సయించలేదు. పేదవాడి పిల్ల చదువుకుంటే మొదటి జీతం రాకముందే ఇంట్లో ఒక మనిషి తాకట్టు పడతాడు.

తెల్లారి కాలేజీ మెట్ల మీద దీవెన ఏడుస్తూ కనిపించింది.

"కమ్మలు పెట్టినా చాల్లేదే. నలభై ఐదంట. నా ఒక్కదానికేనంట. ఎవరికీ చెప్పకే."

రేణుకకైతే నలభై అన్నాడు. చెబితే తన నలభై పోతుంది. నోరు మూసుకుని పైకెళ్లి కట్టేస్తే సాయంత్రానికి ఉద్యోగస్తురాలు. రెండు మెట్లు ఎక్కింది కూడా. మళ్లీ దిగొచ్చి పక్కన కూర్చుని చెప్పేసింది.

"నాక్కూడా నలభయ్యే" అన్నాడు పై మెట్టు మీదున్న కిరణ్‌కుమార్. "నా ఒక్కడికేనన్నాడు."

తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. మెట్ల మీద ఉన్న అందరికీ కరస్పాండెంట్ ఆ ఒక్క మాటే చెప్పాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

"మా నాన్న గేదెనమ్మి తెచ్చాడు. నేను కట్టి పోతా. మీ గొడవలు నాకొద్దు" అన్నాడు సాయిగణేష్.

"కట్టు. రేపు మా అందరి గేదెలూ అమ్మిస్తాడు" అన్నాడు కిరణ్.

"మాకు గేదె కూడా లేదు" అంది దీవెన.

"నీకేంరా కిరణ్, ఉద్యోగం రాలేదు కాబట్టి ఎన్నైనా చెప్తావ్. రేణుకకొచ్చింది. కట్టకుండా ఉంటదేమో అడుగు" అన్నాడు సాయిగణేష్.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నేను కట్టను. సర్కారు కట్టాల్సింది మనం కట్టేదేంటి? కాగితాలు అందరికీ ఇచ్చేదాకా ఇక్కణ్ణించి లేవొద్దు."

సాయిగణేష్ గొణుక్కుంటూ నిలబడి నిలబడి చివరికి కింది మెట్టు మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నం భావనారాయణ డబ్బుతో వచ్చాడు. కనకలక్ష్మి పైనుంచి దిగొచ్చి రేణుక చెవిలో చెప్పింది, సార్ ఆమె సర్టిఫికెట్ల కవరు సిద్ధం చేయించాడని.

"వెళ్లి కట్టెయ్యమ్మా. అడ్వాన్సు తెచ్చేశాగా, ఇంకా ఆలోచనేంటి" అన్నాడు తండ్రి.

"వద్దు నాన్నా. ఒక్కొక్కళ్లనీ లోపలికి పిలిచి, నీ ఒక్కదానికే తగ్గిస్తున్నా, ఎవరికీ చెప్పకు అన్నాడు. అందరికీ అదే మాట."

"ఏమన్నాడూ?"

"నీ ఒక్కదానికే, ఎవరికీ చెప్పకు అని."

భావనారాయణ మొహం పాలిపోయింది. నోట్లు లోపలి జేబులో దోపుకుని కూతురు పక్కనే కూర్చున్నాడు.

ఐదు దాటాక హాస్టల్ నుంచి ఫోనొచ్చింది. రాలేదు కాబట్టి తర్వాతి అమ్మాయిని తీసుకుంటున్నామన్నారు. "సరేనండి" అంది రేణుక. ఫోన్ పెట్టేశాక దాపరికం లేకుండా ఏడ్చింది. మూడేళ్లు సిటీ బస్సులో వేలాడి చదివిన చదువు ఆ సరేనండితో పోయింది. దీవెన ఆమె తల ఒళ్లోకి లాక్కుంది.

దీపాలు పెట్టే వేళకి పోలీసులొచ్చారు. మెట్లు ఖాళీ చెయ్యమన్నారు. ఒక్కరూ లేవలేదు. పొద్దున గొడవలొద్దన్న సాయిగణేష్‌ని నలుగురు కానిస్టేబుళ్లు ఎత్తి వ్యానులో వెయ్యాల్సి వచ్చింది. భావనారాయణ కూతురు చెయ్యి పట్టుకుని తనే ఎక్కాడు.

వ్యాను కదిలాక ఆయన ఫోన్ తీసి తమ్ముడికి చేశాడు. అవతల మగ్గం చప్పుడు పక్కనున్న రేణుకకి కూడా వినిపిస్తోంది.

"ఒరే తమ్ముడూ, షావుకారు నీకు చీరకి మజూరీ ఎంతిస్తున్నాడ్రా?"

మగ్గం ఆడుతూనే ఉంది.

"సిగ్గుపడకు. అందరికంటే యాభై ఎక్కువిస్తున్నా, నీ ఒక్కడికే, వీధిలో ఎవరికీ చెప్పకు అన్నాడు నాతో. ఏళ్ల తరబడి నీ పక్క మగ్గం మీద కూర్చుని నీకే చెప్పలేదురా. ఇప్పుడు నాదెంతో చెప్తా, విను. తర్వాత నీది చెప్పు. ఆ తర్వాత ఇంటింటికీ వెళ్లి అడుగు."

ఫోన్లో మగ్గం ఆగిపోయింది.