పీకి నాటిన కేళీ

నేను ఒక వరిదుబ్బును. పొట్టిదాన్ని; నన్ను చూడాలంటే మీరే కాస్త వంగాలి. మా వంశం ఇలాంటిది కాదు. మా తాతల కంకుల మీద వాలిన పిచ్చుకలు కిందికి చూసి కళ్ళు తిరిగి పడిపోయేవట! అంత పొడుగు. దాంతోపాటే ఒక జబ్బు: గాలి తుమ్మితే చాలు, చేను చేనంతా నేలకు ఒరిగేది. నీళ్ళలో మొలకెత్తిన కంకుల్ని చూసి రైతు ఏడ్చేవాడు.

అందుకని పరిశోధన క్షేత్రంలో సుభాషిణి డాక్టరమ్మ, మా అమ్మను గింజగా ఉన్నప్పుడే ఘాటైన రసాయనంలో నానబెట్టింది. తోటి గింజలు సగం చచ్చాయి. అమ్మ బతికి, మామూలుగానే పెరిగింది. మందులో మునిగింది అమ్మ, మారిపోయింది నేను. లోకంలో ఇలాంటివి మామూలే. వేల మొక్కల్లో పొట్టిగా, గట్టి కాడతో లేచింది నేనొక్కదాన్నే. డాక్టరమ్మ మూడేళ్ళ కష్టమంతా నా మీదే ఉంది.

ఆ సంగతి నాంచారమ్మకు ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా విత్తనపు చేలల్లో కేళీలు తీసే మనిషి. తక్కిన మొక్కల్లా లేనిది కేళీ; కనబడిందా, పీకాల్సిందే. నన్ను వేళ్ళతో సహా లాగి గట్టు మీదికి విసిరింది.

పొద్దెక్కాక డాక్టరమ్మ వచ్చింది.

"పెద్దమ్మా, ఇక్కడ పొట్టిదుబ్బు ఉండాలే?"

"అదా! పీకిపారేశాగా. శుద్ధ కేళీ, ముదనష్టపుది!"

"అయ్యో, నాకు కావలసింది అదొక్కటే పెద్దమ్మా!" డాక్టరమ్మ బురదలోనే చతికిలబడింది.

"ఓసి నీ చదువు బంగారంగానూ! ఇంత చేను పెట్టుకుని కేళీ కోసం ఏడుస్తావా? లే, లే. పీకిన చేతులకి నాటడం రాదనుకున్నావా?"

గట్టంతా వెతికి, వాడిపోయిన నన్ను తన మంచినీళ్ళ చెంబులో ముంచింది. ఆకుల కొసలు తుంచి, బురద నింపిన బొక్కెనలో నాటి, పంపుషెడ్డు నీడన పెట్టింది. వారం రోజులు సద్దిమూట విప్పేముందు నా మొహం చూసేది. నా పిలకల్లో నాలుగు ఎండిపోయాయి. ఒకటి మిగిలింది.

ఆ ఒక్కటే కంకి వేసింది. డాక్టరమ్మ ఆత్రంగా కత్తెర తెస్తే, "ఆగవే తల్లీ, గింజలో పాలు గట్టిపడనీ" అని చెయ్యి పట్టుకుంది నాంచారమ్మ. పండాక తానే కోసి, ఒక్క గింజా జారకుండా డాక్టరమ్మ దోసిట్లోకి రాల్చింది.

నా పిల్లలిప్పుడు నంబరేసిన కాగితపు సంచిలో, చల్లటి గదిలో నిద్రపోతున్నారు. మిగిలిన ఉత్త కంకిని పారేయబోయి, పారేయలేక, నాంచారమ్మ నెరిసిన కొప్పులో తురుముకుంది. అక్కడ కూర్చునే రోజూ పొలానికి పోతున్నాను.

"పువ్వులు కరువయ్యాయా అత్తా?" అని తోటి కూలీలు వేళాకోళమాడితే గయ్యిమంటుంది.

"నోర్ముయ్యండే. నా చేత పీకించుకుని బతికింది ఇదొక్కటే!"