చేతిని చూసి ఓర్వలేని చెంచా

నేను ఒక వంకర చెంచాను. ఈ వంకర పుట్టుకతో వచ్చింది కాదు. నిటారుగా పుట్టి, కొన్నేళ్ళు నిటారుగానే బతికి, ఆ తరువాత ఒక పిల్ల కోసం మెడ వంచుకున్నదాన్ని. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు మనుషుల చేతులంటే అసూయ. మన వైపు చెంచాగా పుట్టిన దేనికైనా ఈ జబ్బు తప్పదు. అన్నం కలిపేది చెయ్యి. ముద్ద చేసేది చెయ్యి. పసిపిల్లల నోటికి అందించేది చెయ్యి. మాకు మిగిలేది పాయసం, ఉప్మా, ఇంటికొచ్చిన చుట్టాలు.

ఎక్కడో ఒక మిల్లులో స్టీలు రేకు నుంచి ఊడిపడి, తోబుట్టువులతో కలిసి ప్లాస్టిక్ కవరులో సంతకు వచ్చాను. ఒక పంతులుగారి భార్య కొనుక్కుంది. ఆ ఇంట్లో మమ్మల్ని అద్దాల బీరువాలో పెట్టారు. పెద్ద ఉద్యోగస్తులు వస్తేనే బయటికి తీసేవారు. వచ్చిన పెద్దమనిషి నాతో రెండుసార్లు ఉప్మా నోట్లో పెట్టుకుని, "చేత్తో తింటేనే నాకు తృప్తండీ" అంటూ నన్ను ప్లేటు అంచున పడుకోబెట్టేవాడు. ఏదో గొప్ప మాట విన్నట్టు ఇంటిల్లిపాదీ తలలూపేవారు. నేను బీరువాలోకి తిరిగి వెళ్ళి లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

పంతులుగారికి బదిలీ అయింది. మోయలేని సామానంతా పంచిపెడుతూ, ఆవిడ మమ్మల్ని ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రానికి ఇచ్చేసింది. ఒక గది, ఒక వరండా, పట్టుకుని నడవడానికి గోడకు బిగించిన కర్రలు, నేలమీద మందపాటి చాప. అంతే కేంద్రం. గోడకు అవతల పెద్ద బడి. అక్కడే నాకు పైడితల్లి దొరికింది.

పైడితల్లి ఆ కేంద్రంలో ఆయా. పిల్లల్ని ఎత్తి దించడం, చొంగ తుడవడం, బాత్రూముకు తీసుకెళ్ళడం, బిగుసుకుపోయిన కాళ్ళకు కసరత్తు చేయించడం, అన్నం తినిపించడం ఆమె పని. ఆమెకొక అలవాటుంది. పిల్లకు ముద్ద పెట్టేటప్పుడు పిల్లకంటే ముందు తానే నోరు తెరుస్తుంది. "ఆ..." అంటుంది. తన నోట్లోకి ఏమీ రాకపోయినా, పిల్ల మింగినప్పుడు తానూ మింగుతుంది.

వారానికోసారి వచ్చే ఫిజియోథెరపీ మేడం ఒకరోజు నన్ను చేతిలో తిప్పి చూసి, మెడ పక్కకు వంచాలని, పిడి లావు చేయాలని చెప్పింది. పైడితల్లి నన్ను సైకిలు షాపు సింహాద్రి దగ్గరకు తీసుకెళ్ళింది. అతను పట్టకారుతో నా మెడ వంచి, పిడికి పాత ట్యూబు ముక్క చుట్టాడు. అద్దాల బీరువాలో నాతో ఉన్న తోబుట్టువులు చూసి నవ్వాయి. కానీ నాకు గర్వంగానే ఉంది. ఇంతవరకు నా కోసం ఎవరూ ఇంత ఆలోచించలేదు.

ఇదంతా కుసుమ కోసం. తొమ్మిదేళ్ళ పిల్ల. బుర్ర చురుకు, మాట నెమ్మది. చేతులు ఆమె చెప్పినట్టు వినవు. ఇటు రమ్మంటే అటు వెళ్తాయి. గోడ అవతల మధ్యాహ్నం గంట కొట్టి పళ్ళాల చప్పుడు మొదలవగానే కుసుమ మెడ అటే తిరిగిపోయేది. వేసవి సెలవుల తరువాత ఆమెను ఆ బళ్ళో చేర్చుకుంటామని హెడ్మాస్టరు ఒప్పుకున్నారు. అక్కడ పాఠం చెప్పడానికి మనిషి ఉన్నాడు గానీ తినిపించడానికి లేడు. కుసుమ తనంతట తాను తినగలిగితేనే గోడ దాటుతుంది. లేకపోతే ఇక్కడే.

నేను సిద్ధంగా ఉన్నాను. కుసుమ మాత్రం నన్ను చూడగానే పెదాలు బిగించేది. పైడితల్లి "ఆ..." అని ఎంత బతిమాలినా తల అడ్డంగా ఊపేది. రోజులు గడిచిపోతున్నాయి. ఒకరోజు కుసుమ మూతి తుడుస్తూ పైడితల్లి ఆగిపోయింది. నోటి మూల పసుపు, ఆవకాయ వాసన. నేను వెళ్ళకముందే ఆ నోట్లోకి ఒక చెయ్యి వచ్చి వెళ్ళిందన్నమాట.

కుసుమ తల్లి గౌరీశ్వరి వరండాలో కూర్చుని ఉంది.

"గౌరీ, గుంటకి తినిపించీసి తెస్తన్నావేటి?"

గౌరీశ్వరి మొహం పక్కకు తిప్పుకుంది. "ఖాళీ కడుపుతో ఎలగ తెమ్మంటావప్పా? ఇక్కడ సగం సాప తింటాది, సగం గౌను తింటాది. గుంటేటి తింటాది?"

"ఆకలే నేకపోతే సెయ్యెందుకు లెగుస్తాది?"

"నీకేటి, సెంచా సేతికిచ్చీసి కూకుంటావు. నా సేతి ముద్ద తిన్న పిల్ల ఈ ఇనప ముక్కకి నోరు తెరుస్తాదేటి?"

ఇనప ముక్క. నేను స్టీలునని చెప్పడానికి నాకు నోరు లేదు.

పైడితల్లి కోప్పడలేదు. "తెరిస్తే నీకు కష్టంగుంటాదేమో," అంది.

గౌరీశ్వరి చీర కొంగు వేలికి చుట్టింది, విప్పింది. పైడితల్లి మళ్ళీ అంది. "పెద్ద బళ్ళోకి దాంతోపాటు నీ సెయ్యినీ పంపుతావేటి? రేపు ఆకలితో తే. నువ్వూ కూకో. సూడు. ముట్టుకోకు."

మర్నాడు గౌరీశ్వరి నిజంగానే పెట్టకుండా తీసుకొచ్చింది. తన చేతులను తానే నమ్మలేక, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆ రెండు చేతులూ అలా అణిగి ఉండటం చూసి నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

కుసుమ వేళ్ళు నా పిడి చుట్టూ బిగిశాయి. వాటి మీద పైడితల్లి చెయ్యి. ముగ్గురం కలిసి పళ్ళెంలోకి దిగి, పప్పన్నం ఎత్తుకుని, దారి తప్పి చెంప దగ్గరకు వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి నోటిని పట్టుకున్నాం. పైడితల్లి మింగింది. తొడల కింద చేతులున్న గౌరీశ్వరి కూడా మింగింది. అసలు మింగాల్సిన పిల్ల మాత్రం నవ్వింది. అన్నం గౌను మీద పడింది.

పైడితల్లి చెయ్యి రోజురోజుకూ వెనక్కి జరిగింది. ముందు వేళ్ళ మీద ఉండేది. తరువాత మణికట్టు పట్టుకుంది. తరువాత మోచేతి కింద ఊరికే ఆనింది. చివరకు ఒకరోజు ఆ చెయ్యి కూడా లేదు. కుసుమ, నేను, పళ్ళెం. అంతే. "నానే," అంది కుసుమ, నోటి నిండా అన్నంతో. తల్లి చెయ్యి ఓడింది, ఆయా చెయ్యి ఓడింది, నేను గెలిచాను అనుకున్నాను. ఎండల్లో ఆ వరండాలో నా అంత సుఖపడినవాళ్ళు లేరు.

బడులు తెరిచారు. కుసుమ చక్రాల కుర్చీలో గోడ దాటింది, ఆమె సంచిలో నేను. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా వరుసలో కూర్చున్నారు. కుసుమను గోడకు ఆనించి నేలమీద కూర్చోబెట్టారు. పళ్ళెంలో అన్నం, సాంబారు, గుడ్డు. పైడితల్లి, గౌరీశ్వరి గేటు దగ్గరే నిలబడ్డారు, లోపలికి వెళ్ళొద్దని ఒకరికొకరు చెప్పుకుని.

కుసుమ నన్ను తీసింది. వరుస మొత్తం మెడలు సాచింది.

"ఓలమ్మ, దీనికి సెంచా ఉందే."

"మన మేష్టారికే నేదు."

"మెడ సూడు, కొంగ మెడలాగుంది."

పక్కన కూర్చున్న రెండు జడల పిల్ల నా మీద నుంచి కళ్ళు తీయడం లేదు. "ఒక్కపాలి నాకియ్యవే," అంది. "ఒక్కపాలే. మళ్ళీ ఇచ్చీస్తాను."

జీవితంలో మొదటిసారి నన్ను చూసి ఒకరు ఆశపడ్డారు. ఆ సంబరం నాకు పూర్తిగా అందకముందే కుసుమ నన్ను ఆ పిల్లకు ఇచ్చేసింది.

ఇచ్చేసి, తన చెయ్యి అన్నంలో పెట్టింది.

పరాయి పిల్ల పిడికిట్లో ఉండి అంతా చూశాను. వేళ్ళు విచ్చుకున్నాయి, మూసుకున్నాయి. నా లావు పిడిని పట్టి పట్టి నేర్చుకున్న బిగువే అది. నాకు తెలుసు. ముద్ద కాలేదు, మెతుకుల గుప్పెడు అయింది. చెయ్యి పైకి లేచింది, అటు వెళ్ళబోయింది, ఆగింది, నోటికి వచ్చింది.

"కిందపడిపోతంది," అన్నాడు ఎదురు వరుసలో ఒకడు.

"నీది పడనేదేటి? సూసుకో," అంది రెండు జడల పిల్ల. కుసుమ వేళ్ళు నాక్కుంది. నాతో తిన్న ఇన్నాళ్ళలో నన్ను ఒక్కసారి కూడా అలా నాకలేదు.

అన్నాలయ్యాక ఆ పిల్ల నన్ను కడిగి గేటు దగ్గరకు తెచ్చింది. "ఆయమ్మా, దానికి అక్కర్నేదంట."

పైడితల్లి నన్ను కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది. ఆమె, గౌరీశ్వరి కేంద్రం మెట్ల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. కేంద్రం పిల్లల అన్నాలు ముందే అయిపోయాయి, ఇద్దరికీ ఇక తినిపించాల్సిన వాళ్ళు లేరు. క్యారేజీ విప్పారు. పైడితల్లి అలవాటు కొద్దీ నాతో అన్నం తీసి, అలవాటు కొద్దీ ముందుకు చాచి, నోరు తెరిచి "ఆ..." అంది. గౌరీశ్వరి కూడా ఏమీ ఆలోచించకుండానే నోరు తెరిచేసింది. నేను ఆ నోట్లోకి వెళ్ళిపోయాను.

ముందు ఇద్దరూ బిత్తరపోయారు. ఆ తరువాత నవ్వు. గౌరీశ్వరికి నవ్వుతో పొలమారి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అవి పొలమారిన నీళ్ళే అయి ఉంటాయి.

"ఇనప ముక్క బానే ఉందప్పా," అంది. తరువాత వంకాయ కూర కలిపి, నున్నగా ముద్ద చేసి, "నువ్వూ తిను," అని తన చేత్తో పైడితల్లి నోట్లో పెట్టింది. పైడితల్లి కళ్ళు మూసుకుని నమిలింది. ఊళ్ళో పిల్లలందరికీ పెట్టే మనిషికి ఒకరు పెట్టి ఎంత కాలమైందో. ఆ ముఖం చూస్తూ పళ్ళెం పక్కన పడి ఉన్నాను. నా వల్ల ఏ ముఖమూ అలా అవలేదు.

ఇప్పుడు నేను కిటికీలో గాజు గ్లాసులో ఉంటున్నాను. సోమవారం నుంచి ఇంకో పిల్ల వస్తుందట. దానికి ఎడమ చెయ్యే కాస్త ఆడుతుందట. పొద్దున సింహాద్రి నా మెడను ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పాడు. ఈ పిల్ల కూడా నన్ను పట్టుకుని బలం తెచ్చుకుంటుంది, ఒకరోజు పక్కపిల్లకు ఇచ్చేస్తుంది. ఈ పిల్లయినా కాస్త ఆలస్యంగా నేర్చుకుంటే బాగుండునని మనసులో ఉంది.

పైడితల్లి మాత్రం నన్ను ఎడమ చేత్తో పట్టుకుని, మెడ సరిగ్గా తిరిగిందో లేదో చూస్తోంది. నాలో ఏమీ లేదు, ఎదురుగా ఎవరూ లేరు. అయినా ఆమె నోరు తెరుచుకుంది.