కదలని కారు, కుదురులేని మనిషి

సోమవారం పొద్దున్న ఏడున్నరకి సూపరింటెండెంటుగారు సెల్లార్‌లోకి దిగి, కారు మీది కవరు తీసి, కవరు కింది దుప్పటి తీసి, దుప్పటి కింద అద్దాలకి అడ్డంపెట్టిన పాత పేపర్లు తీసి, మడతలు పెట్టి, లోపల కూర్చుని తాళం తిప్పారు. కారు ఒకసారి దగ్గింది. రెండోసారి తిప్పితే ఆ దగ్గు కూడా దగ్గలేదు.

"ఏమైందండీ?" అంది పక్కన నిలబడ్డ భార్య.

"ఏమవుతుంది? చలికి."

"ఉక్కపోసి చస్తుంటే చలేంటండీ!"

ఆవిడ కంగారు కారు గురించి కాదు, శుక్రవారం గురించి. ఆవిడ ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. పధ్నాలుగేళ్లుగా జనానికి సూదులు గుచ్చుతోంది, ఇంతవరకు ఒక్కరి చేత 'అబ్బా' అనిపించలేదని పేరు. ఊరి చివర కొత్త బ్రాంచి తెరుస్తున్నారు, దానికి ఇన్‌చార్జివి నువ్వే అన్నారు. షరతు ఒకటే: పొద్దున్న ఆరింటికల్లా అక్కడుండాలి. ఆ వేళకి అటువైపు బస్సు లేదు, టాక్సీవాడు ఫోనెత్తడు. వచ్చే సోమవారానికి డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే ఆ కుర్చీ ఆవిడది. లేకపోతే, ఆవిడ కన్నా తొమ్మిదేళ్లు చిన్నవాడూ, సూది పట్టుకుంటే చాలు జనం చేత కళ్లు మూయించేవాడూ అయిన ఇంకొకడిది.

లైసెన్సు పరీక్ష శుక్రవారం. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒకేచోట, ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించే దగ్గర. అప్పుడు నడిపింది డ్రైవింగ్ స్కూలు కారు. దాని క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో దాన్ని తయారుచేసినవాడికి కూడా తెలీదు. పోయిన వారం ఎవరో శిష్యుడు ఆ కారుని తీసుకెళ్లి ఒక గోడకి అప్పజెప్పాడు. ఇక మిగిలింది ఇంట్లో కారు.

ఇంట్లో కారుకి ఎనిమిది నెలలు. తిరిగింది నూట పన్నెండు కిలోమీటర్లు.

సూపరింటెండెంటుగారు వస్తువుల్ని వాడే రకం కాదు, కాపాడే రకం. టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు మాసిపోకుండా ఇంకో తొడుగు. సోఫా మీద ఎప్పుడూ పాత దుప్పటి ఉంటుంది. ఎవరైనా వస్తే పాత దుప్పటి తీసి కొత్త దుప్పటి వేస్తారు. అసలు ఆ సోఫా రంగేమిటనే విషయంలో ఇంట్లో ఉన్న ముగ్గురికీ మూడు అభిప్రాయాలున్నాయి. అలాంటి మనిషి కారు కొన్నాడంటే, అది కారుకి పట్టిన అదృష్టం. సీట్ల మీద షోరూమువాళ్ల ప్లాస్టిక్ ఇంకా అలాగే ఉంది. కూర్చుంటే పళ్లు నూరుతున్న చప్పుడొస్తుంది.

మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తాడు. ఎత్తి, ఆయన్ని కూడా వంగి చూడమన్నాడు.

ఇంజను పక్కన, బ్యాటరీకి ఆనుకుని, చక్కటి గూడు. దాంట్లో దుప్పటి దూది ఉంది, ఆవిడ నెల్లాళ్లుగా వెతుకుతున్న పసుపుపచ్చ గుడ్డ ఉంది, కారు కొన్నరోజు షోరూమువాళ్లు కట్టిన రిబ్బను ఉంది. మధ్యలో కొరికి పడేసిన వైర్లు. ఇల్లు కట్టుకున్నవాళ్లు గృహిణి మనసున్నవాళ్లని చూడగానే తెలుస్తోంది.

"ఎలుకలు సార్. బండి ఎన్నాళ్లకోసారి తీస్తారు?"

"ప్రతి ఆదివారం తీస్తాను."

"ఎందాకా?"

"కవరు తీస్తానయ్యా, తుడవడానికి."

మెకానిక్ గూడుని రెండు చేతులతో జాగ్రత్తగా బయటపెట్టాడు. "నిలబడ్డ బండంటే ఎలుకకి సొంతిల్లు సార్. రోజూ ఇంజను స్టార్ట్ చెయ్యండి, బయట నాలుగు రౌండ్లు తిప్పండి. ఇంకే మందూ అక్కర్లేదు."

వైర్లన్నీ మార్చి, మళ్లీ స్టార్ట్ చేసి చూపించేసరికి సాయంత్రమైంది. సూపరింటెండెంటుగారు ఆ సలహాని శ్రద్ధగా విన్నారు. అందులో తనకి నచ్చిన సగం ఉంచుకున్నారు.

ఎలుకల సంగతి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన పనిచేసేది ఒక పెద్ద ఆఫీసు రికార్డు రూములో. ఇరవై రెండేళ్లలో అక్కడ ఒక్క ఫైలు కూడా ఎలుకల పాలవలేదని ఆయన చెప్పుకుంటారు. ఆ ఇరవై రెండేళ్లలో ఒక్క ఫైలు కూడా ఎవరూ అడగలేదు కాబట్టి, ఆ మాట తప్పనే ఆధారం ఎవరి దగ్గరా లేదు.

మంగళవారం ఆఫీసుకి సెలవు పెట్టి యుద్ధానికి దిగారు. పాత మేజోళ్లలో కలరా ఉండలు పోసి, మూతులు కట్టి, ఇంజను చుట్టూ ఆరు చోట్ల వేలాడదీశారు. చక్రాల పక్కన పొగాకు చల్లారు. పుదీనా నూనె తెచ్చి గుడ్డతో అంతటా రాశారు. కారు కింద జిగురు అట్ట పరిచి, ఆ అట్ట ఎక్కడుందో మర్చిపోయి, తన చెప్పునే దానికి సమర్పించుకున్నారు. ఒంటికాలి మీద మెట్లెక్కి ఇంట్లోకొస్తే, కిటికీ దగ్గర కూర్చున్న అత్తగారు ముక్కు మూసుకుంది.

"అల్లుడుగారూ, ఏంటా కంపు? ఆస్పత్రి నుంచి వస్తున్నారా, బీరువాలోంచి వస్తున్నారా?"

"ఎలుకల మందులండీ."

"రెండో చెప్పేదీ?"

"కింద పనిమీదుంది."

"అవున్లెండి, కారుకి కవరు కప్పి, దుప్పటి కప్పి, మందులు కూడా వేస్తున్నారు. నాకు మోకాలి నొప్పొచ్చి మూడు నెలలైంది. నన్ను కూడా ఆ సెల్లార్‌లోనే పెట్టండి, ఏదో ఓ రోజు మీ చూపు పడుతుంది."

"అమ్మా, ఊరుకో," అంది ఆవిడ వంటింట్లోంచి. మొగుడి వైపు తిరిగి, "ఏమండీ, బండి బాగైందిగా? ఒక్క గంట తాళాలివ్వండి. ఎత్తు మీద రెండుసార్లు ఆపి చూసుకుంటాను."

"ఇప్పుడే వైర్లు వేశాం. కొత్త వైర్లు కాస్త కుదురుకోవాలి."

"వైర్లు కుదురుకోవడమేంటండీ, కొత్త కోడళ్లా?"

ఆయన ఒంటి చెప్పుతో మళ్లీ సెల్లార్‌లోకి దిగారు. ఇంజను స్టార్ట్ చేసి, అరగంట అలాగే నడవనిచ్చారు. కారు ఉన్నచోటే ఉంది, గుర్రుమంటూ. ఆపాక, బానెట్ మీద చెయ్యి పెడితే హాయిగా వెచ్చగా తగిలింది. పేపర్లు పెట్టి, దుప్పటి కప్పి, దాని మీద కవరు లాగి, అంచులు లోపలికి దోపి, తృప్తిగా పైకొచ్చారు. తృప్తి భోజనందాకా ఉంది. ఆ తర్వాత నాలుగుసార్లు కిందికెళ్లి చూసొచ్చారు. మంచం మీద కూడా కుదురు లేదు, ఫ్యాను చప్పుడులో ఎవరో వైరు కొరుకుతున్నట్టే వినిపించింది.

బుధవారం పొద్దున్న చూస్తే, ఆరు మేజోళ్లలో రెండే వేలాడుతున్నాయి. మిగతా నాలుగూ కొత్త గూడులో పరుపులయ్యాయి. కలరా ఉండలు మాత్రం ఒక మూలకి నెట్టేసి ఉన్నాయి. అద్దానికి నీళ్లు చిమ్మే గొట్టం రెండు ముక్కలైంది. పొగాకు ఎవరూ ముట్టుకోలేదు. చెడలవాట్లు లేని ఎలుకలు.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే, గురువారం సాయంత్రం వస్తానన్నాడు. శుక్రవారం పొద్దున్నే పరీక్ష. సూపరింటెండెంటుగారు మిగిలిన రెండు మేజోళ్లని ఇంకాస్త గట్టిగా బిగించారు.

ఆ సాయంత్రం ఆవిడ ల్యాబు నుంచి వచ్చి, చేతిసంచీ కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడి చెయ్యి చాచింది.

"తాళాలు."

"గొట్టం తెగింది."

"నీళ్ల గొట్టం తెగితే బండి నడవదా? వాన్లో వెళ్లట్లేదుగా నేను."

"ఎలుకలు లోపలుండగా కదిలిస్తే, బెదిరి ఇంకా కొరుకుతాయి. నాకు అనుభవం ఉంది."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. రక్తం తీసే ముందు నరం వెతికే చూపు అది.

"ఒక్క మాట అడుగుతాను, తిన్నగా చెప్పండి. ఎనిమిది నెలల్నుంచి ఆ కారు ఎలుకలకిచ్చారు. అవి లైసెన్సు లేకుండా దర్జాగా కాపరం చేస్తున్నాయి. నాకు ఒక్క గంటివ్వడానికి ఏమైంది? గీత పడుతుందనా?"

"గీత గురించి కాదు."

"మరి?"

ఆయన గడియారం వైపు చూసి, "ఇంజను ఆన్ చేసే టైమైంది," అని దిగిపోయారు. ఆ రోజు ముప్పావుగంట నడవనిచ్చారు. ఎలుకల మీద కోపం కొద్దీ పావుగంట ఎక్కువ.

గురువారం సాయంత్రం మెకానిక్ వచ్చేసరికి ఆయన అప్పుడే ఇంజను ఆపి, కవరు అంచులు దోపుతున్నారు. ఆవిడ కూడా వెనకే దిగింది. కొత్త గొట్టం బిగించడానికి కవరూ దుప్పటీ తీయించి, మెకానిక్ బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

"ఓ, మంచి పని చేశారు సార్. ఎక్కడికెళ్లొచ్చారు?"

"ఎక్కడికీ వెళ్లలేదు. నువ్వు చెప్పినట్టే రోజూ స్టార్ట్ చేస్తున్నాను."

"స్టార్ట్ చేసి?"

"చల్లారకుండా కప్పేస్తున్నాను."

మెకానిక్ తల గోక్కోవడానికి చెయ్యెత్తి, చేతికి గ్రీజుందని గుర్తొచ్చి దించాడు. "సార్... మీరు రోజూ సాయంత్రం ఎలుకలకి పరుపు వెచ్చబెట్టి, దుప్పటి కప్పి, అంచులు దోపి వెళ్తున్నారు సార్. మా ఇంట్లో పసిపిల్లకి కూడా నేనింత చెయ్యను."

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగింది గాని, భుజాలు ఆగలేదు.

"మరి నువ్వే కదయ్యా స్టార్ట్ చెయ్యమన్నావు!"

"తిప్పమన్నాను కూడా సార్! కొత్త గూడుకి ఇప్పుడే అలవాటు పడుతున్నాయి. ఈ పూట ఈ బండి ఇక్కడుంటే, రేపు పొద్దున్న స్టార్ట్ అవుతుందని నేను పూచీ పడను. బయటికి తీసి, ఓ నాలుగు రౌండ్లు తిప్పి, వెలుతురున్న చోట పెట్టండి. కప్పకండి. రేపు ఇంకో చోట పెట్టండి. ఎలుకకి అడ్రసు దొరక్కూడదు."

గొట్టం బిగించి, గూడు తీసి పారేసి, మెకానిక్ పక్కకి జరిగాడు. సూపరింటెండెంటుగారు కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. ఆవిడ పక్క సీట్లో కూర్చుంది. కారు సెల్లార్ మధ్యలోకొచ్చి, పైకెళ్లే ర్యాంపు ముందు ఆగింది. ర్యాంపు నిటారుగా ఉంది. కట్టినవాడు కార్ల కోసం కట్టాడో మేకల కోసం కట్టాడో తెలీదు.

ఆయన సగం దూరం ఎక్కించారు. పైన రోడ్డు మీద ఎవరో అడ్డమొచ్చారు, బ్రేకు వేశారు. మళ్లీ కదిలిద్దామంటే ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశారు, కారు రెండడుగులు వెనక్కి జారింది, బ్రేకు మీద నిలబడ్డంత పని చేశారు. మూడోసారి కూడా అంతే. చొక్కా వీపుకి అంటుకుంది, వీపు ప్లాస్టిక్‌కి అంటుకుంది.

"ఏమండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "మీకు రాదా?"

ఆయన స్టీరింగ్‌ని రుమాలుతో తుడిచారు. "కొన్న ఎనిమిదో రోజున ఇక్కడే జారింది," అన్నారు. "వెనకాల ఎవరిదో బండి. చక్రం కింద వాచ్‌మన్ రాయి పెట్టాడు. నలుగురూ చూశారు. ఆ తర్వాత ఇంక తియ్యలేదు."

"అప్పుడు గీతలు పడతాయని చెప్పారుగా!"

"గీతలు కూడా పడతాయి."

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

"మరి నేను రెండుసార్లు తప్పినప్పుడు, 'అంత చిన్న విషయం ఎలా రాదు నీకు' అన్నారు."

ఆయన హ్యాండ్‌బ్రేకు పైకి లాగారు.

"దిగండి."

"నీకూ ఎత్తు రాదు కదే!"

"నేను రాదని చెప్పి నేర్చుకుంటున్నాను. దిగండి."

ఆయన దిగి, కారు వెనక్కెళ్లి రెండు చేతులూ చాచి నిలబడ్డారు, జారితే పట్టుకోవడానికి. మెకానిక్ ఆయన్ని రెక్క పట్టుకుని పక్కకి లాగి, చక్రం వెనకాల రాయి పెట్టాడు.

"అమ్మా, తొందరొద్దు! క్లచ్ మెల్లగా వదలండి. బండి వణుకుతుంది చూడండి, అప్పుడు హ్యాండ్‌బ్రేకు దించండి!"

మొదటిసారి ఇంజను ఆగింది. రెండోసారి కారు జారి, రాయికి తగిలి నిలబడింది. సూపరింటెండెంటుగారు కళ్లు మూసుకున్నారు. మూడోసారి ఆవిడ అద్దం దించి, "మీరిద్దరూ కాసేపు మాట్లాడకండి," అంది. కారు ముందు భాగం సన్నగా వణికింది. ఆవిడ ఆ వణుకుని ఓ క్షణం అలాగే పట్టుకుని ఉంచింది, వేలికింద నాడి దొరికినట్టు. హ్యాండ్‌బ్రేకు దించింది. కారు ఎక్కింది. ఎక్కి, ఆగకుండా వీధిలోకి తిరిగి వెళ్లిపోయింది.

మెకానిక్ కూడా వెళ్లిపోయాడు. ఆయన ర్యాంపు పైన నిలబడి అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడిచారు. ముప్పై నిమిషాలైంది. కారుకేమైనా అయిందేమో అనుకున్నారు. తర్వాత ఆవిడకేమైనా అయిందేమో అనుకున్నారు. ముందు కారు గురించి అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసి, మళ్లీ మొదట్నుంచి, సరైన వరసలో కంగారుపడ్డారు.

నలభై నిమిషాలకి ఆవిడ నడుచుకుంటూ వచ్చింది.

"కారేదీ?"

"మందుల షాపు ఎదురుగా, లైటు కింద. ఏడుసార్లు ఎత్తు మీద ఆపాను. అయిదుసార్లు వచ్చింది."

"రెండుసార్లు?"

"రాలేదు."

శుక్రవారం తెల్లవారుతూనే ఆయన మందుల షాపు దగ్గరికి పరిగెత్తి బానెట్ ఎత్తారు. చల్లగా ఉంది. గూడు లేదు, కొరికిన వైరు లేదు. కారు మొదటి తిప్పుకే పలికింది.

పరీక్ష మైదానంలో ఆయన్ని తాడుకి ఇవతలే ఆపేశారు. ఆవిడ వెనక్కి నడిపింది, మలుపు తిప్పింది, ఎత్తెక్కి సగంలో ఆగింది. పరీక్ష పెట్టే ఆఫీసరు చెయ్యెత్తాడు. ఇవతల సూపరింటెండెంటుగారు కుడికాలుతో నేలని గట్టిగా తొక్కిపట్టారు. కారు వెనక్కి వేలెడంత జారింది. ఆయన పక్కనున్న ఎవరిదో భుజం పట్టుకున్నారు. వేలెడు దగ్గర కారు నిలిచి, వణికి, పైకి పోయింది.

ఆవిడ కాగితం పట్టుకుని వచ్చింది. "వేలెడు జారితే పర్లేదట. ఎక్కండి, ఆఫీసు దగ్గర దింపుతాను."

ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివారు. బాగుందనో, శభాష్ అనో అందామని నోరు తెరిచారు.

"సోమవారం నుంచి కొత్త బ్రాంచి దగ్గర బండెక్కడ పెడతావు? పైన కప్పుంటుందా?"

"చోటెక్కడుంటే అక్కడ."

"అంటే, రోజూ ఒకే చోట కాదా?"

"కాదు."

ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. ప్లాస్టిక్ పళ్లు నూరింది. ఆవిడ ఆయన వైపు తలుపు తీసి, ఆయన్ని ముందుకి వంగమని, ఆ ప్లాస్టిక్‌ని ఒక్క లాగు లాగి చెత్తకుండీలో పడేసి వచ్చి, స్టార్ట్ చేసింది. సీటు నీలం రంగు. ఆయన దారి పొడవునా దాని మీద బరువు పడకుండా కూర్చోవాలని చూశారు గాని, మలుపుల దగ్గర కుదర్లేదు.